నల్లపూత అంటని వేళ్లు

"మళ్లీ మొదటి నుంచి చెప్పండి," అంది వర్నా టాలెఫ్సన్.

మార్లిస్ తల ఎత్తలేదు. "ఎన్నిసార్లు చెప్పమంటావు తల్లీ? నేనే చంపాను. రాసుకో."

శనివారం ఉదయం పదింబావు. షెరీఫ్ ఆఫీసులో ఆ వేళకి మనుషులు నలుగురంటే నలుగురే. వేట సీజన్ మొదటి రోజు కావడంతో మిగతావాళ్లంతా సెలవులు రాయించుకుని చీకటితోనే కొండలెక్కేశారు. వర్నాకి వేట అలవాటు లేదు. అందుకని ఏటా ఈ రోజు డ్యూటీ ఆమెకే పడుతుంది. డిటెక్టివ్‌గా పంతొమ్మిదేళ్లు అయింది. ఈ వారం రోజుల్లో సరిగ్గా పడుకున్నది రెండు రాత్రులు.

కేసు చూడబోతే చిన్నదే. కిందటి శనివారం పొద్దున పది నలభై రెండుకి, గన్ క్లబ్ పోటీలో ఆర్విడ్ స్టెన్స్రూడ్ ఇరవై రెండో తూటా పేల్చాడు. రైఫిల్ పగిలింది. ఉక్కు ముక్క ఒకటి కుడి కంటి పైన దిగబడింది. అంబులెన్స్ పది యాభై ఎనిమిదికి వచ్చింది. అప్పటికే ప్రాణం పోయింది. వయసు అరవై తొమ్మిది. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. నలభై ఏళ్లుగా తన తూటాలు ఇంట్లోనే తయారు చేసుకునేవాడనీ, ఈ చుట్టుపక్కల అంత చేయి తిరిగినవాడు లేడనీ పేరు.

ఆ పేరు అబద్ధమని బుధవారం, అంత్యక్రియలు అయిన సాయంత్రం, అతని భార్య మార్లిస్ తనంతట తాను వచ్చి చెప్పింది. ఆరేళ్లుగా ఆ తూటాలు చేస్తున్నది ఆవిడ.

"ఆయన చేతులు వణకడం మొదలయ్యాక అంటారు," అంది వర్నా.

"ఊఁ. తుపాకి మందు కొలిచే చెంచా పట్టుకుంటే సగం బల్ల మీదే ఒలికేది. ఒకరోజు కింద గదిలో కూర్చుని ఏడుస్తుంటే చూశాను. లే, నేను చేస్తాను, నువ్వు చెప్పు అన్నాను. స్కూలు వంటింట్లో ఇరవై ఆరేళ్లు మూడొందల మందికి వండినదాన్ని. కొలతలు నాకేం కొత్త?"

"క్లబ్బులో ఎవరికీ తెలియదు?"

"తెలిస్తే ఆయన బతకగలడా?" అని, అన్న మాట ఏమిటో తనకే తట్టి మార్లిస్ ఆగిపోయింది.

వర్నా ఫైలులోంచి ఒక ఫోటో తీసింది. శవపరీక్ష గదిలో తీసిన ఆర్విడ్ చేతులు. బొటనవేలి గీతల్లోనూ గోళ్ల చివర్లలోనూ నల్లటి మరక. "ఆయన గుండ్లు ముట్టుకోనేలేదంటే ఈ నలుపు ఎక్కడిది?"

మార్లిస్ ఫోటో కేసి చూసి మొదటిసారి కొంచెం నవ్వింది. ఏడుపు కంటే ఆ నవ్వే చూడలేకపోయింది వర్నా.

"తూటా కొసన బిగించే గుండ్లు ఆయనవి నల్లపూతవమ్మా. తుపాకి గొట్టంలో సాఫీగా జారడానికి వాటికి నల్లటి పొడి పూత ఉంటుంది. ఉత్త చేత్తో పట్టుకుంటే వేళ్లకి అంటుకుంటుంది, ఓ పట్టాన వదలదు. క్లబ్బులో ఈయన్ని 'నల్లవేళ్ల ఆర్విడ్' అని పిలిచేవాళ్లు. నేను చేయడం మొదలెట్టాక వేళ్లు తెల్లబడ్డాయి. అందుకని పోటీకి ముందురోజు సీసా అడుగునున్న పొడి కాస్త తీసి వేళ్లకి రుద్దుకుని కడుక్కునేవాడు. గీతల్లో మిగిలేది. అలా మిగిలింది ఇంక దేనికీ అంటదు."

"మీ వేళ్లకి అంటదా?"

"ఎందుకు అంటనిస్తాను? ఎడమచేతి మూడు వేళ్లకీ రబ్బరు టోపీలు పెట్టుకుంటాను. బ్యాంకులో నోట్లు లెక్కపెట్టేవాళ్లు పెట్టుకుంటారే, అవి. మొదట్లో నిండు గ్లవ్స్ వేసుకుని చూశాను. అరగంటకి లోపల చెమట, గుండు జారడం, జారిందని ఇంకా గట్టిగా నొక్కితే పూత లేచిపోవడం. టోపీలైతే గాలాడుతుంది, పట్టు ఉంటుంది. పని అవగానే ముందు చన్నీళ్లు, తర్వాత సబ్బు. ఆ గదిలో మంచినీళ్లు కూడా తాగను. ఆప్రాన్ పైకి తీసుకురాను. సీసం కదా." ఆవిడ ఫోటో బోర్లించింది. "ఇంత చేసి, చివరికి మందు డబ్బా తప్పు తీశానన్నమాట."

"తీసినట్టు గుర్తుందా?"

"గుర్తుంటే తీస్తానా?"

తలుపు తెరుచుకుంది. ఉప షెరీఫ్ రాయ్స్ హాగెన్ లోపలికి వచ్చాడు. చేతిలో టైపు చేసిన రెండు కాగితాలు.

"వాంగ్మూలం రెడీ అయింది. ప్రభుత్వ అటార్నీ పొద్దుటి వేట ముగించుకుని నాలుగింటికి వస్తానన్నాడు. ఆయన ముందు సంతకం పెడితే ఈ పెద్దావిడకి కూర్చునే బాధ తప్పుతుంది, మనకి పని తప్పుతుంది."

"నిర్లక్ష్యం వల్ల మరణం కింద రాశావు," అంది వర్నా చదివి. "జైలు పడొచ్చు దీనికి."

"ఆవిడే ఒప్పుకుంటుంటే నీకేమిటి నొప్పి?"

"తప్పు డబ్బా తీస్తే పెట్టెలోని యాభై తూటాల్లోనూ తప్పు మందే ఉండాలి కదా. ఇరవై ఒకటి బాగానే పేలాయి."

"మధ్యలో డబ్బా మార్చింది. ముసలితనం. నువ్వూ ఆ దారిలోనే ఉన్నావు, తెలియట్లేదా?"

వర్నాకి కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. "నాలుగింటి దాకా టైముందిగా," అని లేచింది. "మిగిలిన తూటాల పెట్టె ఇటివ్వు. మార్లిస్ గారూ, ఇంటి తాళం ఇస్తారా?"

పదకొండున్నరకి వర్నా స్టెన్స్రూడ్ ఇంటి కింద గదిలో ఉంది. అంత శుభ్రమైన బల్ల ఆమె ఇంతవరకు ఏ నేరస్థలంలోనూ చూడలేదు. తూటాలు బిగించే ప్రెస్సు, త్రాసు, ఒక భూతద్దం, మూత బిగించిన గుండ్ల సీసా. పక్కన సబ్బుపెట్టెలో ఆరబెట్టిన మూడు రబ్బరు టోపీలు. మేకుకి ఆప్రాన్. తడిగుడ్డ మడతపెట్టి ఉంది. పొడిగా ఊడిస్తే దుమ్ము లేస్తుందని తడిగుడ్డతోనే తుడుస్తుందన్నమాట. గోడకి ఒక కాగితం అంటించి ఉంది. గుండ్రటి చేతిరాత: 'బల్ల మీద ఒక్కసారికి ఒక్క డబ్బా మాత్రమే.'

ఇలాంటి మనిషి మధ్యలో డబ్బా మారుస్తుందా?

వర్నా సీసా మూత తీసి ఒక గుండుని ఉత్త చేత్తో పట్టుకుంది. బొటనవేలు వెంటనే బూడిదరంగు తిరిగింది. గుడ్డతో తుడిచినా పోలేదు. ఇంకో చేతికి టోపీ తొడుక్కుని మరో గుండు తీసింది. గుండు పూత గుండు మీదే ఉంది.

అప్పుడు సాక్ష్యం పెట్టె తెరిచింది. యాభై గళ్లు. ఖాళీవి ఇరవై రెండు. మిగిలిన తూటాలు ఇరవై ఎనిమిది. ఒక్కొక్కటే భూతద్దం కింద పెట్టి చూడసాగింది. ఇత్తడి గొట్టాలు అద్దంలా ఉన్నాయి, ఎక్కడా చిన్న మరక లేదు. ఒక్క వరసలో తప్ప. ఖాళీ అయిన ఇరవై రెండో గడి పక్కనే ఉన్న మూడు తూటాలు, ఇరవై మూడు, ఇరవై నాలుగు, ఇరవై అయిదు గళ్లవి. వాటి మెడల మీద నల్లటి వేలి అచ్చులు. గుండు కొసన రెండువైపులా పూత లేచిపోయి రాగి మెరుస్తోంది.

హాగెన్ ఈ పెట్టె వారం రోజులు దగ్గర పెట్టుకున్నాడు. చూడకుండా ఉండడు. కానీ నల్లపూత గుండ్లకి నల్లమరక ఉండటంలో వింతేముందని అనుకుని ఉంటాడు. పొద్దుట మార్లిస్ చెప్పకపోతే తనూ అలాగే అనుకునేది.

వర్నా ఒక శుభ్రమైన తూటాని చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపింది. చప్పుడు లేదు. మరకలున్నదాన్ని ఊపింది. లోపల ఏదో గలగలమంది. త్రాసు మీద పెట్టింది. శుభ్రంగా ఉన్న తూటాలన్నీ దాదాపు ఒకే బరువు. ఆ మూడూ తేలిక.

పై అరలో, చేయి గట్టిగా చాపితే తప్ప అందని చోట, పిస్తోలు మందు డబ్బా ఉంది. రైఫిల్ మందు డబ్బా ఎంతో ఇదీ అంతే, రంగు కూడా అదే. చీటీ చదివితేనే తేడా. ఆ మందు కాస్త తక్కువ పోసినా ఒక్కసారిగా భగ్గుమంటుంది, రైఫిల్ తట్టుకోలేదు. దాని మూత మీద బొటనవేలి అచ్చు ఒకటి, నల్లగా, చెమటతో సాగి ఉంది. కింది అరలోని అసలు డబ్బా మీద ఏ మరకా లేదు.

ఆమె బల్ల ముందున్న ముక్కాలిపీట మీద కూలబడింది. ఎవరో ఈ గదిలోకి వచ్చారు. ఉత్త చేతులతో పట్టుకుని, తప్పు మందు పోసి తూటాలు చేశారు. ఆర్విడ్ తూటాలంటే ఎలాగూ నల్లగానే ఉంటాయి కదా అనుకున్నారు. ఎందుకంటే వాటిని చేసేది ఆర్విడ్ కాదనీ, చేసే మనిషి వేలికి మరక అంటనివ్వదనీ వాళ్లకి తెలియదు.

సొరుగులన్నీ లాగింది. మూడోదాంట్లో పాత స్పానర్ల కింద గుడ్డలో చుట్టిన నాలుగు తూటాలు దొరికాయి. తళతళలాడుతున్నాయి. మార్లిస్ చేసినవి. అంటే పెట్టెలోంచి నాలుగు మంచివి తీసి నాలుగు చెడ్డవి పెట్టారు. ఒకటి పేలింది, మూడు మిగిలాయి. లెక్క సరిపోయింది.

సీసా మూత లోపల మార్లిస్ రాసుకున్న అంకె ఉంది: 450. వర్నా వేళ్లకి టోపీలు తొడుక్కుని గుండ్లన్నీ లెక్కపెట్టింది. ఇరవై నిమిషాలు పట్టింది. నాలుగు వందల నలభై.

పన్నెండు యాభైకి ఆఫీసులో వేలిముద్రలు చూసే నీల్సన్ ముందు మూడు తూటాలూ, డబ్బా మూతా పెట్టింది.

"ఈ రోజు కూడా పనేనా?" అన్నాడు నీల్సన్. "మా వాళ్లంతా కొండ మీద మాంసం కాల్చుకుంటున్నారు."

"నువ్వు ఇక్కడ నన్ను కాల్చుకు తింటున్నావు. మూడున్నరకి చెప్పు."

ఒంటిగంటా నలభైకి డ్యూయీ ప్రూయిట్ టైర్ల కొట్టు ముందు కారు ఆపింది. డ్యూయీ క్లబ్ కార్యదర్శి. తొమ్మిదేళ్లు వరసగా ఆర్విడ్ చేతిలో ఓడిపోయిన మనిషి. పోటీకి ముందురోజు శుక్రవారం సాయంత్రం అయిదున్నర నుంచి ఆరింటిదాకా ఆర్విడ్ తన ట్రక్కు ఇక్కడే టైరు మార్పించుకున్నాడని హాగెన్ నోట్సులో ఉంది. తూటాల పెట్టె ట్రక్కులోనే ఉంది.

డ్యూయీ జాకీ కింద నుంచి జరుగుతూ బయటికి వచ్చాడు. రెండు చేతులూ మోచేతిదాకా నల్లగా ఉన్నాయి. వర్నా చూపు అక్కడే ఆగడం అతను గమనించాడు.

"టైరు నలుపు. నలభై ఏళ్లది. కడుక్కు రమ్మంటావా?"

"వద్దులే. శుక్రవారం ఆర్విడ్ వచ్చినప్పుడు ఆ అరగంటా ఎక్కడ కూర్చున్నాడు?"

"అదిగో, ఆ బెంచీ మీద. కాఫీ ఇచ్చాను. తాగలేదు."

"ఎందుకు తాగలేదు?"

"నా కాఫీ ఒకసారి తాగినవాడెవడూ మళ్లీ తాగడు."

"డ్యూయీ, నాకు నిద్ర లేదు. జోకులకి నవ్వే శక్తి లేదు. ట్రక్కులో పెట్టె నువ్వు ముట్టుకున్నావా?"

"లేదు."

"ఆర్విడ్ ఇంటి కింద గదికి ఎప్పుడైనా వెళ్లావా?"

"ఏడెనిమిదేళ్లయింది. ఒకప్పుడు రమ్మనేవాడు. తర్వాత మానేశాడు. ఎందుకు మానేశాడో అప్పుడు తెలియలేదు."

"ఇప్పుడు తెలిసిందా?"

డ్యూయీ స్పానరు చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు. వర్నా ఇంకా అడిగింది. పోటీకి రెండు రోజుల ముందు, మార్లిస్ ఇంట్లో లేని గురువారం పగలు ఎక్కడున్నావంది. అడిగిన దానికి ఒక మాట, అడగనిదానికి మౌనం. గంటకి పైగా అలాగే సాగింది. ఇతను ఏదో మాట మింగుతున్నాడు. అది నేరమో, ఇంకేదైనానో ఆమెకి అంతు చిక్కలేదు. మధ్యలో ఇద్దరు టైర్లకి గాలి పట్టించుకు పోయారు. ఆమె బెంచీ మీద కూర్చుని మళ్లీ మొదలుపెట్టింది.

మూడుంబావుకి హాగెన్ జీపు వచ్చి ఆగింది. దిగుతూనే బేడీలు తీశాడు.

"నీల్సన్ చెప్పాడు. హత్య అట. నాకు చెప్పకుండా నా కింద నువ్వు హత్య కేసు నడుపుతున్నావు."

"ఇంకా నడవట్లేదు. పాకుతోంది."

"పెట్టె వీడి కొట్లో అరగంట ఉంది. తొమ్మిదేళ్ల కడుపుమంట. చేతులు చూడు, బొగ్గులా ఉన్నాయి. ఇంకేం కావాలి?"

"పొద్దున ఆవిడని లోపల వేద్దామన్నావు. మూడింటికి ఇతన్ని అంటున్నావు. నాలుగింటికి ఎవరు, నేనా?"

"నేను కేసు మూస్తానంటున్నాను. నీకు అది చేతకాక వారం తిన్నావు."

"మూయడం తలుపుకైనా చేతనవుతుంది, రాయ్స్. టైరు నలుపుకీ గుండు పూతకీ తేడా నీల్సన్ నిమిషంలో చెప్తాడు. అప్పుడు అటార్నీ ముందు నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావు?"

"నా మొహం సంగతి నేను చూసుకుంటా." అతను డ్యూయీ మణికట్టు పట్టుకున్నాడు. డ్యూయీ విడిపించుకోలేదు. చేతులు రెండూ ముందుకి చాపాడు, చాన్నాళ్లుగా దీనికోసమే కాచుకున్నవాడిలా.

వర్నా జేబులో ఫోను మోగింది. మూడు ఇరవై నాలుగు.

"త్వరగానే అయిపోయింది," అన్నాడు నీల్సన్. "పోల్చడానికి ఎక్కడికో పంపక్కర్లేకపోయింది. మూడు తూటాల మీదా, డబ్బా మీదా ఒకటే బొటనవేలు. మన ఫైల్లోనే ఉంది."

"ఎవరిది?"

"పోయినాయనది. ఆర్విడ్ది."

వర్నా ఫోను జేబులో పెట్టింది. తర్వాత హాగెన్ వైపు చూసి తల అడ్డంగా ఊపింది. "వదులు అతన్ని. అవి ఆర్విడ్ చేసుకున్నవే."

డ్యూయీ బెంచీ మీద కూర్చుండిపోయాడు.

"అడిగినప్పుడు చెప్పాల్సింది," అంది వర్నా. ఆమె గొంతులో కోపం లేదు.

"ఏమని చెప్పను? పోటీకి ముందు ఆదివారం హోటల్లో అందరం టిఫిను చేస్తున్నాం. మా ఆవిడకి ఎవరో చెప్పారట, ఆవిడ నాకు చెప్పింది. ఊరుకోలేకపోయాను. 'ఆర్విడ్, నీ తూటాలు ఇప్పుడు మార్లిస్ వండిపెడుతోందటగా, ఉప్పు సరిపోయిందా?' అన్నాను. పదిహేనుమంది నవ్వారు. ఆయన ప్లేటు అలాగే వదిలేసి వెళ్లిపోయాడు. శుక్రవారం ఇక్కడికి వచ్చి, 'రేపు రెండో విడతలో నా చేత్తో చేసినవి కొడతాను, కళ్లు తెరుచుకుని చూడు' అన్నాడు. చూశాను." డ్యూయీ నల్లటి చేతులతోనే మొహం కప్పుకున్నాడు. "కాల్పుల వరసలో పక్క మ్యాటు మీదే ఉన్నాను వర్నా. చూశాను."

హాగెన్ బేడీలు జేబులో పెట్టుకున్నాడు.

దారిలో వర్నాకి అంతా కళ్లకు కట్టింది. గురువారం మార్లిస్ బయటికి వెళ్లిన సమయం. బల్ల ముందు ఆర్విడ్. రబ్బరు టోపీలు తొడుక్కుంటే వణికే వేళ్లకి పట్టు చిక్కదు. తీసేశాడు. గుండు జారింది, ఇంకా గట్టిగా నొక్కాడు. పాత అలవాటున చేయి పై అరకి, ఆవిడ దూరంగా పెట్టిన డబ్బా మీదికి వెళ్లింది, కళ్లద్దాలు పెట్టుకోలేదు. ఆరేళ్ల తర్వాత తన చేతికి తాను చేసుకున్న పని.

మూడు నలభైకి ఆఫీసు గదిలో మార్లిస్ ఎదురుగా కూర్చుని ఆమె మెల్లగా, ఏదీ దాచకుండా చెప్పింది. మరకలు, బరువు, డబ్బా మూత, వేలిముద్ర. డ్యూయీ మాట కూడా.

ఊరటపడుతుందనుకుంది. మార్లిస్ వాంగ్మూలం కాగితాలు తన వైపు లాక్కుని పెన్ను మూత తీసింది.

"ఏం చేస్తున్నారు?"

"సంతకం."

"మార్లిస్ గారూ, మీరు చేయలేదు. వినపడిందా? మీ చేయి కాదు అది."

"వినపడింది. నేను చేశానని రాసి ఉంది కదా ఇందులో. ఇది ఇలాగే ఉండనీ." ఆవిడ పెన్ను కాగితం మీద ఆనించింది. "నలభై ఏళ్లు ఆ మనిషికి ఉన్నది ఆ ఒక్క పేరు. ఒక్క నవ్వుకే తట్టుకోలేక పోయాడు. చేతులు వణికి, తప్పు మందు పోసుకుని, తనని తనే చంపుకున్నాడని ఊరంతా చెప్పుకోవాలా? పెళ్లాం చేసిన పొరపాటని అనుకోనీ. నాకు పేరేముంది పోవడానికి?"

తలుపు దగ్గర నిలబడ్డ హాగెన్ కళ్లు దించుకున్నాడు.

వర్నా పెన్ను లాక్కోలేదు. లాక్కునే ఓపిక లేదు, లాక్కోవాలనీ అనిపించలేదు. ఆ క్షణాన ఆవిడ అడిగింది ఇచ్చేస్తే బాగుండుననే అనిపించింది. కానీ మధ్యాహ్నం నుంచి ఒక అంకె ఆమె తలలో కదులుతూనే ఉంది.

"మీరు సంతకం పెడితే ఈ కేసు ఇక్కడితో మూసేస్తారు. తర్వాత ఎవరూ ఏదీ వెతకరు. అవునా?"

"అదే కదా నాక్కావాల్సింది."

"సీసాలో పది గుండ్లు తక్కువున్నాయి. నేనే లెక్కపెట్టాను. ఆయన పెట్టెలో పెట్టినవి నాలుగే."

పెన్ను ఆగింది.

"ఇంకో ఆరు చేశాడు మార్లిస్ గారూ. అదే మందుతో. గదంతా వెతికాను, లేవు. ఎక్కడ పెడతాడు? మీరు తెరవని చోటు ఏదైనా ఉందా ఆ ఇంట్లో?"

మార్లిస్ మొహంలో రంగు మారింది.

"వేట బెల్టు. తూటాలు దోపుకునే తోలు బెల్టు. దాని జోలికి నేనెప్పుడూ పోను."

"ఇంట్లో ఉందా?"

"ఇచ్చేశాను. బుధవారం, సమాధి దగ్గర నుంచి వచ్చాక. మా తమ్ముడు గోర్డీకి. ఆయన వేట రైఫిలూ, ఆ బెల్టూ." ఆవిడ బల్ల అంచు పట్టుకుంది. "పోటీ రైఫిలూ అదీ ఒకటే సైజమ్మా, ఒకే తూటా పడుతుందని కావాలని కొన్నాడు. బెల్టు బరువుగానే ఉంది. పోయినేడాదివి మిగిలి ఉంటాయనుకున్నాను. మా వాళ్ల క్యాంపులో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరైనా పోతే, ఆ ఏడు వేట మొదటి రోజు సాయంత్రం, వెలుగు పోయేముందు, పోయినవాళ్ల రైఫిల్లో వాళ్ల బెల్టులోని తూటానే పెట్టి కొడతారు. మా నాన్నకీ అలాగే చేశాం. నేనే వాడి చేతిలో పెట్టి, ఆర్విడ్ కోసం ఒకటి కొట్టరా అన్నాను."

వర్నా గోడ మీది గడియారం చూసింది. మూడు యాభై రెండు. "వెలుగు ఎప్పుడు పోతుంది?"

"ఆరు ఇరవై అయిదు," అన్నాడు హాగెన్. అతను అప్పటికే రేడియో బల్ల దగ్గరికి వెళ్లాడు. "క్యాంపు ఎక్కడ?"

"ఉత్తరపు లోయ పైన. రెండు గంటల రోడ్డు, అక్కడి నుంచి అరగంట నడక. ఫోను పలకదు."

వేటగాళ్లని చూసే వార్డెన్ రేడియోలో దొరికాడు. ఈ రోజు కొండ మీద ప్రతి ట్రక్కులోనూ, ప్రతి గుడారంలోనూ ఆ రేడియో వింటూనే ఉంటారు. క్లబ్బువాళ్లలో సగం మంది అక్కడే ఉన్నారు.

హాగెన్ మైకు బటను మీద వేలు పెట్టి ఆగాడు. మార్లిస్ వైపు తిరిగాడు. మొదటిసారి అతని గొంతు మెత్తగా ఉంది. "ఏమని చెప్పమంటారమ్మా? ఆ తూటాలు ప్రమాదం అని ఊరికే చెప్పొచ్చు."

"ఊరికే చెప్తే వాడు వినడు. ఆర్విడ్ తూటా ప్రమాదమంటే గోర్డీ నవ్వుతాడు. నవ్వి, పేల్చి చూపిస్తాడు." మార్లిస్ చేయి చాపింది. "ఇటివ్వు."

ఆవిడ బటను నొక్కింది. "నేను మార్లిస్ స్టెన్స్రూడ్‌ని. మా తమ్ముడు గోర్డీకి చెప్పండి. బెల్టులో ఉన్నవి నేను చేసినవి కావు. ఆర్విడ్ చేసినవి. అవి కొట్టొద్దు."

రేడియోలో బరబరమని చప్పుడు. తర్వాత వార్డెన్ గొంతు తెగుతూ తెగుతూ వచ్చింది. "సరిగ్గా వినపడలేదు. ఎవరు చేసినవి? మళ్లీ చెప్పండి."

మార్లిస్ కళ్లు మూసుకుంది. వర్నా ఆవిడ భుజం మీద చేయి వేయబోయి మానేసింది.

"ఆర్విడ్ చేసినవి," అంది ఆవిడ, ఒక్కో మాటా విడదీసి, కొండకి అవతల ఉన్నవాళ్లకి కూడా వినపడేంత గట్టిగా. "చేతులు వణికేవి. తప్పు మందు పోశాడు. కిందటి వారం రైఫిలు పగిలింది అందుకే. గోర్డీని అవి పేల్చొద్దనండి."

హాగెన్ రేడియో శబ్దం పెంచాడు.

"అర్థమైంది," అన్నాడు వార్డెన్. "నేను దక్షిణం వైపున్నాను. ఎంత తొందరపడినా మూడు గంటలు. ఇది విన్నవాళ్లు ఎవరైనా ఉత్తరపు లోయ దగ్గర్లో ఉంటే పలకండి."

ఎవరూ పలకలేదు. మళ్లీ అడిగాడు. ఎవరూ పలకలేదు.

హాగెన్ తన జీపు తాళాలు వర్నా వైపు విసిరాడు. "మంచులో జారకుండా చక్రాలకి గొలుసులు వేసే ఉన్నాయి. నేను ఇక్కడ పిలుస్తూనే ఉంటా."

మూడు యాభై ఎనిమిది. మార్లిస్ కోటు సగం తొడుక్కుని అప్పటికే గుమ్మం దాటింది.

"మీరెక్కడికి?" అంది వర్నా.

"నడకదారి నీకు తెలియదు," అంది మార్లిస్ వెనక్కి చూడకుండా. "నాకు తెలుసు."